గేమ్ ఆగి ఆగి నడుస్తుంటే: ల్యాప్‌టాప్‌లో బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్‌ల జాడ తీయడం

సభకు నమస్కారం.

ల్యాప్‌టాప్ మీద గేములు ఆడేవారికి బాగా తెలిసిన ఇబ్బంది ఒకటుంది. తెర మూలన ఉన్న కౌంటర్ సెకనుకు 60 ఫ్రేములని చూపిస్తూనే ఉంటుంది, గ్రాఫిక్స్ చిప్‌కు ఆ గేమ్‌ను నడిపే శక్తి ఉందని తెలుస్తూనే ఉంటుంది, అయినా ఆట మధ్యలో తెర ఒక్క క్షణం బిగుసుకుపోయి మళ్లీ కదులుతుంది. సెట్టింగులన్నీ కిందికి దించినా ఆ కుదుపు పోదు. ఇలాంటి సందర్భాల్లో తప్పు చాలాసార్లు గేమ్‌లో ఉండదు, దాని వెనుక నడుస్తున్న వేరే ప్రోగ్రాముల్లో ఉంటుంది. ఆ ప్రోగ్రాములను ఊహతో కాక సాక్ష్యంతో పట్టుకోవడం ఎలాగన్నదే ఈ ప్రసంగ విషయం. నేను చెప్పే మెనూల పేర్లు విండోస్ 10, 11లకు చెందినవి.

ముందుగా మూడు వేర్వేరు సమస్యలను విడదీయాలి. గేమ్ మొదటి నుంచి చివరి వరకు ఒకే తీరుగా నెమ్మదిగా నడుస్తుంటే అది యంత్రం శక్తి చాలకపోవడం. ఆన్‌లైన్ గేమ్‌లో తెర సాఫీగా కదులుతూనే ఎదుటి ఆటగాడు ఒకచోట మాయమై మరోచోట తేలుతుంటే, లేదా మీ పాత్ర నాలుగడుగులు వెనక్కి లాగినట్టు పోతుంటే అది నెట్‌వర్క్ ఆలస్యం. ఈ రెండూ కాకుండా, సాఫీగా నడుస్తున్న దృశ్యమే మధ్యమధ్యలో తెగి అతుక్కుంటే దాన్ని స్టటర్ అంటున్నాం. ఈ మూడింటికీ మందులు వేరు. నెట్‌వర్క్ ఆలస్యానికి గ్రాఫిక్స్ సెట్టింగులు మార్చేవారు, స్టటర్‌కు ఇంటర్నెట్ ప్లాన్ మార్చేవారు ఎందరో ఉన్నారు కాబట్టి ఈ విభజనను మొదటే చెప్పవలసి వచ్చింది.

స్టటర్‌ను కొలవాలంటే సెకనుకు ఎన్ని ఫ్రేములు వచ్చాయన్న లెక్క చాలదు. ఒక్కొక్క ఫ్రేమ్ తయారుకావడానికి ఎంత కాలం పట్టిందో చూడాలి. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేమ్‌కు దాదాపు 16.7 మిల్లీసెకన్లు దొరుకుతాయి. 144 ఫ్రేములు కావాలంటే 7 మిల్లీసెకన్లు కూడా దొరకవు. ఇప్పుడు ఒక సెకనులో ఒకే ఒక్క ఫ్రేమ్ 100 మిల్లీసెకన్లు తీసుకుందనుకోండి. మిగిలిన 900 మిల్లీసెకన్లలో 54 ఫ్రేములు వస్తాయి. కౌంటర్ 55 అని చూపిస్తుంది, ఆ అంకె చూసి ఎవరూ ఆందోళన పడరు. కాని ఆడేవారి కంటికి ఆ పదోవంతు సెకను గోడకు గుద్దుకున్నంత స్పష్టంగా తెలుస్తుంది. 2011లో ది టెక్ రిపోర్ట్ అనే హార్డ్‌వేర్ సమీక్షల సైట్‌లో స్కాట్ వాసన్ సగటు అంకెలను పక్కన పెట్టి ఫ్రేమ్ కాలాల ఆధారంగా పరీక్షలు ప్రచురించిన తరువాత సమీక్షకుల దృష్టి ఈ వైపు మళ్లింది. ఈనాడు సమీక్షల్లో కనిపించే ‘ఒక శాతం లో’ (1% low) అనే అంకె కూడా ఆ ఆలోచనకు చెందినదే. అది నెమ్మదిగా వచ్చిన ఫ్రేముల సంగతి చెబుతుంది. మీ సమస్యను ఎవరికైనా వివరించేటప్పుడు సగటు కన్నా ఆ అంకె చెప్పడం ఉపయోగకరం.

ఒక బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్ ఈ ఆలస్యాన్ని ఎలా తెస్తుందో చూద్దాం. ప్రాసెసర్ కోర్‌ల మీద, అంటే ఒకేసారి వేర్వేరు పనులు చేయగల దాని విభాగాల మీద, ఎవరి పని ఎప్పుడు నడవాలో విండోస్ షెడ్యూలర్ నిర్ణయిస్తుంది. ప్రతి థ్రెడ్‌కూ, అంటే ప్రోగ్రాంలో వరుసగా నడిచే ఒక్కో పని పాయకూ, 0 నుంచి 31 వరకు ఒక ప్రాధాన్య అంకె ఉంటుంది; ఎక్కువ అంకె ఉన్న థ్రెడ్ సిద్ధమైతే తక్కువ అంకె ఉన్నది పక్కకు తప్పుకోవాలి. గేమ్‌లో చాలా థ్రెడ్‌లు ఉన్నా ప్రతి ఫ్రేమ్‌లోనూ కొంత పని ఒకే ప్రధాన థ్రెడ్ మీదుగా పోవాలి. అది కొన్ని మిల్లీసెకన్లు నిలబడితే మిగతా థ్రెడ్‌లన్నీ ఖాళీగా ఉన్నా ఆ ఫ్రేమ్ ఆలస్యమవుతుంది.

టాస్క్ మేనేజర్ తెరిచి ‘సీపీయూ 20 శాతమే ఉంది, కాబట్టి ప్రాసెసర్ తప్పు కాదు’ అని తేల్చేవారు పొరబడేది ఇక్కడే. 16 లాజికల్ ప్రాసెసర్లు (విండోస్ లెక్కలో ఒక్కో థ్రెడ్‌ను నడపగల చోట్లు) ఉన్న యంత్రంలో ఒక థ్రెడ్ ఒక లాజికల్ ప్రాసెసర్‌ను పూర్తిగా నింపేసినా మొత్తం లెక్కలో అది 6.25 శాతంగానే కనిపిస్తుంది. పైగా టాస్క్ మేనేజర్ మామూలుగా సెకనుకు ఒకసారి మాత్రమే అంకెలు మారుస్తుంది. ఏదో ఒక ప్రాసెస్ 50 మిల్లీసెకన్ల పాటు కోర్‌లన్నింటినీ ఆక్రమించి వదిలేస్తే, అంటే మూడు ఫ్రేములను మింగేస్తే, ఆ సెకను సగటులో అది కేవలం 5 శాతం. అంకె చిన్నదైనంత మాత్రాన దోషి కాదని చెప్పలేము.

విండోస్ సొంత సేవలు చాలావరకు తక్కువ ప్రాధాన్యంతోనే నడుస్తాయి కదా, అవి గేమ్‌కు ఎందుకు అడ్డు రావాలి అన్న ప్రశ్న సమంజసమైనదే. పాత విండోస్ వెర్షన్ అయిన విస్టా కాలం నుంచీ డిస్క్ పనులకు కూడా ప్రాధాన్య స్థాయిలు ఉన్నాయి. అయితే ప్రాధాన్యం అనేది వరుసలో ఎవరు ముందన్నదాన్ని మాత్రమే నిర్ణయిస్తుంది. కోర్‌లన్నీ కలిసి వాడుకునే క్యాష్‌ను (ప్రాసెసర్‌లోని చిన్న, వేగవంతమైన మెమరీని), మెమరీ దారిని, విద్యుత్తును, వేడిని అది పంచిపెట్టదు. పక్క కోర్ మీద తక్కువ ప్రాధాన్యంతో నడిచే ఇండెక్సింగ్ (వెతకడానికి వీలుగా ఫైళ్ల జాబితా తయారుచేసే) పని కూడా గేమ్ డేటాను క్యాష్‌లోంచి తోసేయగలదు. మేలుకుని ఉన్న కోర్‌ల సంఖ్య పెరిగేకొద్దీ ప్రాసెసర్ చేరగల గరిష్ఠ వేగం తగ్గుతుంది కాబట్టి గేమ్ నడుస్తున్న కోర్ కూడా కొంత నెమ్మదిస్తుంది.

యాంటీవైరస్ సంగతి ఇంకా వేరు. గేమ్ తన ఫైల్ ఒకటి తెరవాలనుకున్నప్పుడు ఆ అభ్యర్థన యాంటీవైరస్ ఫిల్టర్ డ్రైవర్, అంటే ఫైళ్ల దారిలో కూర్చుని వాటిని పరిశీలించే దాని భాగం, గుండా పోతుంది; పరిశీలన ముగిసేదాకా గేమ్ థ్రెడ్ వేచి ఉండాలి. అది వరుసలో వెనక నిలబడ్డ ప్రాసెస్ కాదు, దారిలోనే ఉన్న తనిఖీ కేంద్రం. ఓపెన్ వరల్డ్ గేముల్లో కొత్త ప్రాంతంలోకి అడుగు పెట్టిన ప్రతిసారీ కుదుపు వస్తుంటే, అదే సమయంలో టాస్క్ మేనేజర్‌లో విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌కు చెందిన ‘యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్’ పైకి లేస్తుంటే, కారణం ఇదే కావచ్చు.

మెమరీ విషయంలో గుర్తుంచుకోవలసింది హార్డ్ ఫాల్ట్. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ ట్యాబులు, చాట్ ప్రోగ్రాములు, గేమ్ లాంచర్లు తెరిచి ఉంచి పెద్ద గేమ్ నడిపితే ర్యామ్ చాలక విండోస్ కొన్ని పేజీలను, అంటే మెమరీలోని చిన్న ముక్కలను, డిస్క్‌కు తరలిస్తుంది. గేమ్‌కు ఆ పేజీ మళ్లీ కావలసి వచ్చినప్పుడు డిస్క్ నుంచి తెచ్చుకోవాలి, హార్డ్ ఫాల్ట్ అంటే ఇదే. పాత హార్డ్ డిస్క్‌లో ఒక్క వెతుకులాటకే దాదాపు 10 మిల్లీసెకన్లో అంతకన్నా ఎక్కువో పడుతుంది. 60 ఫ్రేముల ఆటలో సగానికి పైగా ఫ్రేమ్ కాలం దానికే పోయినట్టు. ఎస్‌ఎస్‌డీ ఉంటే ఈ నష్టం బాగా తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. రిసోర్స్ మానిటర్‌లో మెమరీ ట్యాబ్ తెరిస్తే ఏ ప్రాసెస్‌కు సెకనుకు ఎన్ని హార్డ్ ఫాల్ట్‌లు వస్తున్నాయో కనిపిస్తుంది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ డెస్క్‌టాప్‌కూ వర్తిస్తాయి. ల్యాప్‌టాప్‌కు ప్రత్యేకమైనవి వేడి, విద్యుత్తు. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ చిప్‌కూ హీట్ పైపులు ఉమ్మడిగా ఉంటాయి, రెండూ కలిసి తినగల వాట్లకు ఒక హద్దు ఉంటుంది. ఎన్విడియా డైనమిక్ బూస్ట్, ఏఎండీ స్మార్ట్‌షిఫ్ట్ వంటి ఏర్పాట్లు భారాన్ని బట్టి ఆ వాట్లను ఒకవైపు నుంచి ఇంకోవైపుకు మారుస్తుంటాయి. వెనుక ఏదో ప్రోగ్రాం ప్రాసెసర్‌కు పని పెట్టిందంటే గ్రాఫిక్స్ చిప్‌కు అందే వాటా తగ్గవచ్చు. అప్పుడు గ్రాఫిక్స్‌తో సంబంధమే లేని ఒక అప్‌డేట్ వల్ల ఫ్రేములు పడిపోతాయి. ఉష్ణోగ్రత హద్దు దాటితే చిప్ తన వేగాన్ని తానే కోసుకుంటుంది. వేడి ఎక్కడానికి సమయం పడుతుంది గనుక ఇలాంటి కుదుపులు ఆట మొదలైన వెంటనే రావు. కాస్త ఆడాక మొదలై, ఒకసారి వచ్చాక తెరిపి లేకుండా వస్తాయి. అందుకే దోషిని వెతికేటప్పుడు ప్రాసెస్‌ల జాబితాతో పాటు ప్రాసెసర్ వేగాన్ని, ఉష్ణోగ్రతను, గ్రాఫిక్స్ చిప్ వాట్లను కూడా ఒకే చోట నమోదు చేయాలని గట్టిగా చెబుతాను.

ల్యాప్‌టాప్‌ను వాడే తీరు వల్ల వచ్చే చిక్కు కూడా ఒకటుంది, దీన్ని చాలామంది గమనించరు. విండోస్ ఆటోమేటిక్ మెయింటెనెన్స్ సహజంగా తెల్లవారుజామున 2 గంటలకు నడిచేలా అమర్చి ఉంటుంది. ఆ వేళకు మన యంత్రం మూత మూసి నిద్రలో ఉంటుంది. అలా మిగిలిపోయిన స్కాన్‌లు, అప్‌డేట్‌లు, ఇండెక్సింగ్ తరువాత అవకాశం దొరికినప్పుడు నడుస్తాయి. టాస్క్ షెడ్యూలర్‌లోని పనుల్లో అనేకం ఛార్జర్ పెట్టినప్పుడే మొదలవాలన్న షరతుతో ఉంటాయి. సెర్చ్ ఇండెక్సింగ్ కూడా బ్యాటరీ మీద తన జోరు తగ్గించుకుంటుంది. అంటే రోజంతా బ్యాటరీ మీద పని చేసి, గేమ్ ఆడడానికే ఛార్జర్ పెట్టేవారి యంత్రంలో ఆగి ఉన్న పనులన్నీ సరిగ్గా ఆట వేళకే కదులుతాయి. దీనికి ఏ టూల్ అక్కర్లేదు. ఆడడానికి అరగంటో గంటో ముందే ఛార్జర్ పెట్టి, మూత తెరిచి, యంత్రాన్ని ముట్టుకోకుండా వదిలేస్తే ఆ పనులు ముగించుకునే వీలు దానికి దొరుకుతుంది.

ఇక జాడ తీసే పద్ధతికి వస్తాను. కుదుపు ఎంత పెద్దదన్నదానికన్నా అది ఏ లయలో వస్తోందన్నదే ఎక్కువ చెబుతుంది. సరిగ్గా సెకనుకో రెండు సెకన్లకో ఒకసారి గడియారం కొట్టినట్టు వస్తే, సెన్సర్లను అడిగి అంకెలు తెచ్చే ప్రోగ్రాములను అనుమానించాలి: ఫ్యాన్ కంట్రోల్, కీబోర్డు దీపాల సాఫ్ట్‌వేర్, ఉష్ణోగ్రత చూపే విడ్జెట్లు. కొన్ని నిమిషాలకోసారి వచ్చి కొద్దిసేపు ఉండి పోతే క్లౌడ్ సింక్, లాంచర్ అప్‌డేట్, షెడ్యూల్ చేసిన పనులు. యంత్రం ఆన్ చేసిన కొత్తలో మాత్రమే వస్తే స్టార్టప్ ప్రోగ్రాములు. ఆడేకొద్దీ పెరుగుతూ పోతే వేడి, లేదా మెమరీని పట్టుకుని వదలని ప్రోగ్రాం. ఒక పేలుడో మంత్రమో మొదటిసారి కనిపించినప్పుడు కుదుపు వచ్చి, రెండోసారి అదే దృశ్యంలో రాకపోతే అది షేడర్ కంపైలేషన్, అంటే దృశ్యాన్ని గీసే చిన్న ప్రోగ్రాములను గ్రాఫిక్స్ చిప్‌కు అర్థమయ్యే రూపంలోకి అప్పటికప్పుడు మార్చుకోవడం. దానికి బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్‌లతో సంబంధం లేదు, వాటిని ఎన్ని మూసినా ఫలితం ఉండదు. ఈ చివరిదాన్ని మొదటే తోసిపుచ్చడం కోసం ఒకే సేవ్ నుంచి ఒకే దారిలో రెండు మూడు సార్లు నడిచి చూడాలి.

కుదుపు లయను కంటితో కాక గీతలో చూడాలంటే ప్రెజెంట్‌మాన్, క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ వంటి ఉచిత టూల్స్ ఉన్నాయి. ప్రతి ఫ్రేమ్ కాలాన్నీ అవి నమోదు చేస్తాయి. గీతలో ముల్లులా లేచిన చోటు ఏ క్షణమో చూసి, ఆ క్షణంలో మరే ప్రాసెస్ కదిలిందో సరిచూడాలి. అందుకు టాస్క్ మేనేజర్ కన్నా మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ మేలు. మార్క్ రస్సినోవిచ్ బృందం సిస్‌ఇంటర్నల్స్ పేరుతో తయారుచేసిన ఆ టూల్స్ 2006లో మైక్రోసాఫ్ట్ చేతికి వచ్చాయి. గ్రాఫ్ మీద మౌస్ పెడితే ఆ క్షణంలో ఎక్కువ పని చేసిన ప్రాసెస్ పేరు అందులో కనిపిస్తుంది. టూల్స్‌ను మాత్రం పొదుపుగా వాడాలి. ఒకేసారి నాలుగు మానిటర్లు తెరిస్తే అవే కొత్త కుదుపులు తెస్తాయి, అప్పుడు సాక్ష్యం కలుషితమవుతుంది.

గీతలో ఎవరూ పట్టుబడకపోతే సగం సగం చేసి వెతకాలి. ఎంఎస్‌కాన్ఫిగ్ (msconfig) అనే విండోస్ టూల్ తెరిచి, సర్వీసెస్ ట్యాబ్‌లో ముందుగా మైక్రోసాఫ్ట్ సేవలను దాచే పెట్టెను టిక్ చేసి, మిగిలిన వాటిని ఆపాలి. టాస్క్ మేనేజర్ స్టార్టప్ జాబితాలో ఉన్నవాటిని కూడా ఆపి యంత్రాన్ని రీస్టార్ట్ చేయాలి. ఆ స్థితిలో కుదుపు పోయిందంటే దోషి ఆపిన వాటిలోనే ఉంది. అప్పుడు సగం తిరిగి ఆన్ చేసి చూడాలి. కుదుపు తిరిగి వస్తే ఆ సగంలో, రాకపోతే రెండో సగంలో వెతకాలి. 32 సేవలున్నా దోషి ఒక్కటే అయితే ఐదు విడతల్లో బయటపడుతుంది. ఒక్కొక్కదాన్నీ ఆపి చూసేవారు సగం దారిలో విసిగి విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. దాంతో కుదుపు పోయినా కారణం తెలియదు, అవే ప్రోగ్రాములు మళ్లీ పెట్టుకోగానే తిరిగి వస్తుంది. ఆపినప్పుడు ఏవేవి ఆపారో ముందే రాసిపెట్టుకోవడం అవసరం. టచ్‌ప్యాడ్, ఫ్యాన్ నియంత్రణ వంటివి తయారీదారుల సేవల మీద ఆధారపడి ఉండవచ్చు.

దోషి దొరికాక చేయవలసింది చాలావరకు చిన్న పనే. క్లౌడ్ సింక్‌ను ఆట ముగిసేదాకా పాజ్ చేయవచ్చు. బ్రౌజర్ మూసినా వెనుక నడుస్తూనే ఉండే అమరిక దాని సెట్టింగుల్లో ఉంటుంది, దాన్ని ఆపాలి. అప్‌డేట్ రీస్టార్ట్‌లను యాక్టివ్ అవర్స్‌తో (యంత్రాన్ని వాడే వేళలు చెప్పే విండోస్ అమరికతో) ఆట సమయానికి దూరంగా జరపవచ్చు. గేమ్ బార్‌లో వెనుక రికార్డింగ్, చాట్ ప్రోగ్రాములు, లాంచర్లు తెర మీద వేసే ఓవర్‌లేలు అవసరం లేకపోతే తీసేయాలి. 2017 నుంచి విండోస్‌లో ఉన్న గేమ్ మోడ్ ఆట సమయంలో డ్రైవర్ ఇన్‌స్టలేషన్లను, రీస్టార్ట్ నోటిఫికేషన్లను అడ్డుకుంటుంది. దాన్ని ఆన్‌లోనే ఉంచడం మంచిది.

యాంటీవైరస్‌ను ఆపేయమనే సలహా తరచుగా వినిపిస్తుంది. దాన్ని నేను పూర్తిగా వ్యతిరేకిస్తున్నాను. షెడ్యూల్ స్కాన్ వేళ మార్చవచ్చు. స్కాన్ సమయంలో డిఫెండర్ ప్రాసెసర్‌ను సగటున ఎంత శాతం వాడవచ్చో చెప్పే హద్దు సహజంగా 50 ఉంటుంది, విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే పవర్‌షెల్ ద్వారా దాన్ని తగ్గించవచ్చు. నమ్మకమైన చోటు నుంచి కొన్న గేమ్ అయితే, ఆ ఫోల్డర్ వల్లే కుదుపు వస్తోందని గీతలో రుజువైతే, ఆ ఒక్క ఫోల్డర్‌కు మినహాయింపు ఇవ్వడం ఆఖరి మెట్టు. మోడ్‌లు, క్రాక్‌లు ఎక్కడెక్కడి నుంచో తెచ్చి వేసిన ఫోల్డర్‌కు ఆ మినహాయింపు ఎన్నడూ ఇవ్వరాదు. గేమ్ ప్రాధాన్యాన్ని ‘రియల్‌టైమ్’కు పెంచమనే సలహా కూడా ప్రమాదకరమే. అలా చేస్తే మౌస్, కీబోర్డు వంటి వాటిని చూసుకునే పనులకే సమయం అందక యంత్రం మొత్తం బిగుసుకుపోవచ్చు. ఒక్క బటన్‌తో గేమ్ వేగం పెంచుతామనే బూస్టర్ ప్రోగ్రాములు తామే వెనుక నిత్యం నడిచే మరో ప్రాసెస్‌గా మిగులుతాయి.

సేవలన్నీ ఆపి చూసినా కుదుపు పోకపోతే, అప్పుడు ప్రాసెస్‌లను వదిలి డ్రైవర్ల వైపు, అంటే హార్డ్‌వేర్ పరికరాలను విండోస్‌తో కలిపే ప్రోగ్రాముల వైపు, తిరగాలి. హార్డ్‌వేర్ పరికరం పిలిచినప్పుడు డ్రైవర్ చేసే అత్యవసర పనులు, అంటే ఇంటరప్ట్‌లు, వాటి వెనుక మిగిలిన పనిని ముగించే డీపీసీలు (DPC), అన్ని థ్రెడ్ ప్రాధాన్యాలకూ పైన నడుస్తాయి. గేమ్‌కు ఎంత ప్రాధాన్యం ఇచ్చినా వాటి ముందు ఆగవలసిందే. ఒక డీపీసీ 100 మైక్రోసెకన్లకు మించి నడవకూడదని మైక్రోసాఫ్ట్ డ్రైవర్ రచయితలకు చెబుతుంది. లోపమున్న డ్రైవర్ అదే పనిని మిల్లీసెకన్ల కొద్దీ సాగదీస్తుంది. టాస్క్ మేనేజర్‌లో ఇది ఏ ప్రోగ్రాం పేరుతోనూ కనిపించదు, ‘సిస్టమ్ ఇంటరప్ట్స్’ అనే వరుసలో కలిసిపోతుంది. లేటెన్సీమాన్ అనే టూల్‌ను కొన్ని నిమిషాలు నడిపితే ఏ డ్రైవర్ ఎంతసేపు పట్టుకుందో పేరుతో సహా చూపిస్తుంది. ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా బయటపడేవి వైఫై డ్రైవర్, బ్యాటరీ స్థితిని అడిగే ఏసీపీఐ (ACPI, విద్యుత్తు నిర్వహణ) డ్రైవర్. వైఫై ఆపి పది నిమిషాలు ఆడితే మొదటిదాని సంగతి తేలిపోతుంది. దానికి తయారీదారు ఇచ్చిన కొత్త డ్రైవర్, అదీ పనిచేయకపోతే ముందటి వెర్షన్ వేసి చూడాలి. ఏసీపీఐ విషయంలో ఆ డ్రైవర్ విండోస్‌దే అయినా అది నడిపే సూచనలు ల్యాప్‌టాప్ బయోస్ నుంచి, అంటే తయారీదారు మదర్‌బోర్డులో ఉంచిన మూల సాఫ్ట్‌వేర్ నుంచి, వస్తాయి కాబట్టి మార్పు బయోస్ అప్‌డేట్‌తోనే రావాలి. అప్‌డేట్ వేశాక కూడా అదే పేరు కనిపిస్తే తయారీదారుకు రాయండి. ‘గేమ్ ఆగుతోంది’ అని ఊరుకోకుండా మోడల్, బయోస్ వెర్షన్, డ్రైవర్ ఫైల్ పేరు, అది పట్టుకున్న గరిష్ఠ కాలం, ఛార్జర్ ఉన్నప్పుడూ లేనప్పుడూ వచ్చిన తేడా, వీటితో పాటు ఫ్రేమ్ కాలాల గీతను జతచేసి పంపండి.